శవపరీక్షలో కిడ్నీ: కంటికి కనిపించే గాయం నుంచి మెరిసే డిపాజిట్ల దాకా

పోస్ట్‌మార్టం రిపోర్టులో ‘కిడ్నీలో ఐజీఏ డిపాజిట్లు ఉన్నాయి’ (అంటే ఐజీఏ అనే ఒక రకం యాంటీబాడీ అక్కడ పేరుకుంది) అన్న ముక్క కనిపిస్తే ఇంట్లోవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. మనిషి ప్రాణం తీసింది అదేనా అని. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఈ సందిగ్ధం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్లంతా నీరు పట్టి చనిపోయినవాళ్ల కిడ్నీలు గట్టిపడి, గరుకుగా మారిపోయి ఉండటాన్ని వర్ణించారు. బతికుండగా వాళ్ల మూత్రాన్ని వేడిచేస్తే తెల్లగా గడ్డకట్టేది. రోగి మంచం దగ్గర చూసిన దానికీ, శవంలో చూసిన దానికీ ముడి వేయడం ఆయన చేసిన గొప్ప పని. అయితే ఆ తర్వాత చాలాకాలం పాటు నానారకాల కిడ్నీ జబ్బులు ‘బ్రైట్స్ డిసీజ్’ అన్న ఒక్క పేరు కిందే చలామణీ అయ్యాయి. శవపరీక్షకు వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉండేది. అదెలా మొదలైందో ఆ కిడ్నీని చూసి చెప్పడం కష్టం.

1935లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో బేర్, క్లెంపరర్, షిఫ్రిన్‌లు, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బుతో చనిపోయినవాళ్ల కిడ్నీలు పరిశీలించారు. రక్తాన్ని వడగట్టే గ్లోమెరులస్‌లలోని సన్నని రక్తనాళాల గోడలు వంచిన తీగల్లా దళసరిగా కనిపించాయి. పెథాలజిస్టులు ఇప్పటికీ దాన్ని ‘వైర్ లూప్’ అనే అంటారు. అంత దళసరి కావడానికి అక్కడ చేరిందేమిటో తేల్చే సాధనం మాత్రం అప్పట్లో లేదు.

ఆ సాధనం 1941లో వచ్చింది. అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి వెలుగునిచ్చే రంగు అతికించింది. ఆ యాంటీబాడీ తన లక్ష్యాన్ని పట్టుకున్న చోట మైక్రోస్కోపు కింద మెరుస్తుంది. 1957లో మెలర్స్ బృందం దీన్ని లూపస్ కిడ్నీలపై వాడి చూస్తే, దెబ్బతిన్న చోట్ల గామా గ్లోబులిన్ (యాంటీబాడీలుండే రక్త ప్రొటీన్) మెరిసింది. రోగి సొంత యాంటీబాడీలే అక్కడ పేరుకుపోయాయన్నమాట. ఈలోగా సూదితో బయాప్సీ తీసే పద్ధతి కూడా వచ్చింది. కిడ్నీ ముక్క కోసం మనిషి చనిపోయేదాకా ఆగాల్సిన పని తప్పింది.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఆసక్తికరమైన ఘట్టం 1968లో పారిస్‌లో జరిగింది. నెకర్ ఆసుపత్రిలో జాన్ బెర్జే, నికోల్ ఆంగ్లే కొందరు రోగుల గ్లోమెరులస్‌లలో ఐజీఏ అనే యాంటీబాడీ పేరుకుని ఉండటం గుర్తించారు. మామూలు రంగులు వేసి చూస్తే ఈ జబ్బును ఇతర నెఫ్రైటిస్‌ల (కిడ్నీ వాపు జబ్బుల) నుంచి విడదీయలేం. వెలుగునిచ్చే పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. ఐజీఏ నెఫ్రోపతీ అనే ఈ జబ్బుకు ‘బెర్జర్స్ డిసీజ్’ అన్న పేరు అలా వచ్చింది. 1975లో బెర్జేయే మరో సంగతి చెప్పారు: ఈ రోగులకు కొత్త కిడ్నీ అమర్చినా డిపాజిట్లు మళ్లీ వస్తున్నాయి. 1982లో దీనికి అటువైపు కథ తెలిసింది. ఐజీఏ డిపాజిట్లున్న దాత కిడ్నీని ఈ జబ్బు లేని మనిషికి అమర్చితే అవి మాయమయ్యాయి. తప్పు కిడ్నీలో కంటే ఒంట్లో తిరిగే యాంటీబాడీల్లోనే ఉందన్న అనుమానం దీంతో బలపడింది.

ఇదే పరీక్ష మళ్లీ శవాల మీదికి వెళ్లాక చిక్కు మొదలైంది. 1993లో ప్రచురించిన ఫిన్లాండ్ అధ్యయనంలో ఆత్మహత్యతోనో హింసాత్మకంగానో చనిపోయిన 756 మంది కిడ్నీలు చూశారు. కిడ్నీ జబ్బుతో సంబంధం లేని ఆ మరణాల్లోనూ కొందరిలో ఐజీఏ దొరికింది. జపాన్‌లో 2003లో బతికున్న దాతలు సహా 510 మంది ఇచ్చిన కిడ్నీలను అమర్చే సమయానికే పరీక్షిస్తే, సుమారు 16 శాతంలో ఐజీఏ ఉంది. వాళ్లందరినీ రోగులనలేం కదా! అందుకే ఒక్క ఐజీఏ మెరిసినంత మాత్రాన సరిపోదు. పక్కన కాంప్లిమెంట్ సీ3 (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక ప్రొటీన్) ఉందా, గ్లోమెరులస్‌లో రక్తనాళాల మధ్య ఉండే మెసాంజియం కణాలు పెరిగాయా, మచ్చలు పడ్డాయా, బతికుండగా మూత్రంలో రక్తం, ప్రొటీన్ పోయేవా అన్నవి కలిపి చూడాలి.

మన దగ్గర కిడ్నీ జబ్బు అనగానే గుర్తొచ్చే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వేరే కథ. అక్కడి బయాప్సీల్లో ప్రధానంగా దెబ్బతిన్నట్టు కనిపించింది కిడ్నీ లోపలి సన్నని మూత్రనాళికలు, వాటి మధ్య ఉండే కణజాలం. దాన్ని ఈ డిపాజిట్ల జబ్బులతో కలిపేయడం సరికాదు.

శవపరీక్షకు ఇంకో ఇబ్బంది ఉంది. చనిపోయాక మూత్రనాళికల కణాలు త్వరగా చెడిపోతాయి. గంటలు గడిచాక తీసిన ముక్కలో ఏది జబ్బు వల్ల వచ్చింది, ఏది చావు తర్వాత వచ్చింది అని విడదీయడం అనుభవమున్న పెథాలజిస్టుకు కూడా కష్టమే. గ్లోమెరులస్‌లు కొంత మెరుగ్గా నిలుస్తాయి. ఇక వెలుగునిచ్చే పరీక్షకు తాజా ముక్కను గడ్డకట్టించి ఉంచడం మేలు, కానీ పోస్ట్‌మార్టం ముక్కలు సాధారణంగా చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలోకే వెళ్తాయి, తర్వాత వాటిని మైనపు దిమ్మలో పొదుగుతారు. ఆ తర్వాత చూడాలంటే, ఆ దిమ్మ నుంచి కోసిన పొరకు ముందు ఎంజైమ్ పట్టించి యాంటీబాడీలకు దారి తెరవాలి. ఆ పని ఎవరైనా అనుమానంతో ప్రత్యేకంగా అడిగితేనే జరుగుతుంది.