మోర్ టాల్, వెరీ టాలర్, ఎల్డర్ దాన్: ఇంగ్లీషు పోలికల్లో అపోహలు - వాస్తవాలు

"కడప కంటే అనంతపురం పొడి నేల" అంటాం. "పొడి" అన్న మాట ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పోలిక బరువంతా "కంటే" మోస్తుంది. ఇంగ్లీషులో ఆ బరువును రెండు మాటలు పంచుకుంటాయి. విశేషణం రూపం మారాలి, వెనకే దాన్ రావాలి: "అనంతపూర్ ఈజ్ డ్రయర్ దాన్ కడప." మన పిల్లలు "డ్రై దాన్" అన్నా, "మోర్ డ్రై" అన్నా కారణం ఇదే. వాళ్లు తెలుగులో ఆలోచించి, "కంటే" స్థానంలో దాన్ పెట్టేస్తున్నారు.

అపోహ: చిన్న మాటకు చివర ఈఆర్ (er), పొడుగు మాటకు ముందు మోర్.

చూడాల్సింది రాసిన పొడవు కాదు, పలికే సిలబుల్స్, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలు. స్ట్రాంగ్‌లో ఆరు అక్షరాలు, సిలబుల్ ఒకటే: స్ట్రాంగర్. మోడర్న్‌లోనూ ఆరే అక్షరాలు, సిలబుల్స్ రెండు: మోర్ మోడర్న్. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మాట పలకండి. గడ్డం ఎన్నిసార్లు దిగితే దాదాపు అన్ని సిలబుల్స్. ఇక్కడో చిక్కుంది. బస్సు, కారు, లైటు అని చివర ఉకారం చేర్చడం మన నోటికి అలవాటు. అదే ఊపులో "స్మార్టు" అంటే లేని సిలబుల్ పుట్టుకొస్తుంది. ఉకారం తీసేసి లెక్కపెట్టండి.

ఒక సిలబుల్ అయితే ఈఆర్. మూడు, ఆపైన అయితే మోర్. గందరగోళమంతా రెండు సిలబుల్స్ మాటలతోనే. చివర వై ఉంటే ఈజియర్, హ్యాపియర్. సింపుల్, న్యారో లాంటివి సింప్లర్, న్యారోయర్ అవుతాయి. ఫుల్, లెస్, అస్, ఇంగ్‌లతో ముగిస్తే మోర్: మోర్ యూజ్‌ఫుల్, మోర్ ఫేమస్, మోర్ బోరింగ్. క్లెవర్ రెండు విధాలా చెల్లుతుంది. అన్‌హ్యాపీకి మూడు సిలబుల్స్ ఉన్నా అన్‌హ్యాపియర్ సరైనదే, అన్ ముందు తగిలించిన ముక్క కాబట్టి. టైర్డ్, బోర్డ్ పలకడానికి పొట్టివే అయినా మోర్ టైర్డ్, మోర్ బోర్డ్ అనాలి, అవి క్రియల నుంచి వచ్చిన మాటలు.

అపోహ: ఈఆర్ తగిలిస్తే చాలు, స్పెల్లింగ్ మారదు.

ఒక సిలబుల్ మాట చివర హల్లు ఒకటే ఉండి, దాని ముందు అచ్చు కూడా ఒకటే ఉంటే ఆ హల్లు రెట్టింపవుతుంది. హాట్‌కు రెండు టిలు, బిగ్‌కు రెండు జిలు. ఒకే టి రాస్తే చదివేవాళ్ల నోట "హోటర్" అని వస్తుంది. కూల్‌లో రెండు ఓలు ఉన్నాయి, స్ట్రాంగ్ చివర రెండు హల్లులు ఉన్నాయి, కాబట్టి వాటిలో రెట్టింపు లేదు. స్లోలోని డబ్ల్యు ఎప్పుడూ రెట్టింపు కాదు. డ్రైలో, ఈజీలో వై తీసి ఐ పెట్టాలి. లార్జ్‌కు చివర "ఈ" (e) ముందే ఉంది, "ఆర్" (r) ఒక్కటే చాలు.

అపోహ: గట్టిగా చెప్పాలంటే మోర్ బెటర్, వెరీ టాలర్ అనాలి.

బెటర్ అంటేనే "ఇంకా మంచి". దానికి మోర్ చేర్చడం అంటే ఒకే పోలికను రెండుసార్లు చెప్పడం. "చాలా కారం", "చాలా ఎక్కువ కారం" అని తెలుగులో రెండు చోట్లా "చాలా" నప్పుతుంది. ఇంగ్లీషులో మామూలు విశేషణానికి వెరీ, పోలిక రూపానికి మచ్ లేదా ఫార్: "ఎర్రకారం దోశ ఈజ్ మచ్ స్పైసియర్ దాన్ సాదా దోశ."

అపోహ: అన్న గురించి "హి ఈజ్ ఎల్డర్ దాన్ మి" అనొచ్చు.

ఎల్డర్ పక్కన దాన్ రాదు. "మై ఎల్డర్ బ్రదర్" సరే, పోలిక చెప్పేటప్పుడు "ఓల్డర్ దాన్ మి". ఇక్కడ "మి" తప్పని చెబుతుంటారు, తప్పేం కాదు. మాటల్లో అదే సహజం. పరీక్షలో "దాన్ ఐ యామ్" రాస్తే మాత్రం నిశ్చింత. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి పోలికను వెంటబెట్టుకునే వచ్చాయి. వాటికి మోర్ వద్దు, దాన్ బదులు టు.

అపోహ: విశేషణం సరిగ్గా ఉంటే వాక్యం సరైనట్టే.

పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాస్త ఆగి చదవండి. "ద క్లైమేట్ ఆఫ్ కడప ఈజ్ హాటర్ దాన్ బెంగళూరు" అన్న వాక్యం వాతావరణాన్ని ఊరితో పోలుస్తోంది. "కడప ఎండ బెంగళూరు కంటే ఎక్కువ" అంటే తెలుగులో ఎవరికైనా అర్థమవుతుంది. ఇంగ్లీషు పరీక్షలో "దాన్ దట్ ఆఫ్ బెంగళూరు" అని పూర్తిచేయాలి. అలాగే "కర్నూల్ ఈజ్ బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ రాయలసీమ" అంటే కర్నూలు తనకంటే తానే పెద్దదని చెప్పినట్టు. కర్నూలు కూడా రాయలసీమలోదే కదా, "ఎనీ అదర్ సిటీ" కావాలి. బెంగళూరు గురించి ఇదే వాక్యం రాస్తే అదర్ అక్కర్లేదు, అది సీమలో లేదు.