పది రాయబోతున్న పిల్లలకు, పెళ్లి గురించి ఒక ఉత్తరం

కనిగిరి

పిల్లలూ,

పరీక్షలు ముంచుకొస్తున్న టైములో లెక్కల గురించో, ఫిజిక్స్ గురించో రాయకుండా ఈ టీచరు పెళ్లి గురించి రాస్తోందేంటి అనుకుంటారేమో. కారణం ఉంది. ఆఖరి పరీక్ష రాసి హాల్లోంచి బయటికొచ్చిన రోజు నుంచి జూన్‌లో బళ్లు తెరిచేదాకా ఉండే ఎండాకాలమే మన వైపు ఆడపిల్లలకు గండం. ముహూర్తాలు అప్పుడే ఉంటాయి. వలస పోయినవాళ్లు ఊరికి తిరిగొచ్చేదీ అప్పుడే. బడి ఉండదు కాబట్టి పిల్ల కనబడకపోయినా ఏమైందని అడిగేవాళ్లుండరు. కనిగిరి, పామూరు, వెలిగండ్ల వైపు బళ్లలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. జూన్‌లో హాజరు పిలిచినప్పుడు ఏటా ఒకటో రెండో పేర్లకు జవాబు వచ్చేది కాదు. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఆ అమ్మాయికి పెళ్లైపోయింది టీచర్" అనేవాళ్లు.

బలవంతపు పెళ్లి అనగానే మీకు సినిమా సీను గుర్తొస్తుంది. చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి, పీటల మీద కూలేసి తాళి కట్టించడం. అలాంటివీ జరుగుతాయి. కానీ నాకు తెలిసిన ఇళ్లలో చాలావరకు ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అమ్మ అన్నం మానేసింది. నాయన మాట్లాడటం మానేశాడు. అవ్వ మంచం పట్టి, "నా కళ్ల ముందు నీ మెడలో మూడు ముళ్లు పడితే చాలమ్మా" అని ఏడ్చింది. పెదనాయన వచ్చి, "మాటిచ్చేశాం. ఇప్పుడు కాదంటే మీ నాయన ఏ పురుగుమందో తాగుతాడు. నీకు సంతోషమేనా?" అన్నాడు. పదిహేనేళ్ల పిల్ల ఇంతమందిని ఎన్నాళ్లని తట్టుకుంటుంది? మూడోరోజో నాలుగోరోజో తలూపుతుంది. ఆ మర్నాటి నుంచి ఊరంతటికీ ఒకటే మాట చెబుతారు: "పిల్ల ఇష్టపడే చేశాం."

ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. అలా ఊపించిన తల ఒప్పుకోలు కాదు. ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని కింద ఫిర్యాదు నమోదు చేసే ఫారంలో మాటలతో, మనసును బాధపెట్టి చేసే హింసకు ఒక పట్టిక ఉంటుంది. ఇష్టంలేని పెళ్లికి బలవంతపెట్టడం, ఫలానా మనిషినే చేసుకోవాలని ఒత్తిడి తేవడం ఆ పట్టికలో ఉన్నాయి. కొట్టాల్సిన పని లేదు. కన్నవాళ్లయినా, అన్నదమ్ములైనా సరే, చట్టం దాన్ని హింసగానే చూస్తుంది.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు, ఊరు రాయను. లెక్కల్లో చురుకు. బోర్డు మీద నేను సగం రాసేలోపే నోట్సులో జవాబు వేసేసేది. పరీక్షలయ్యాక హాస్టల్లో ఉండగా ఫోను వచ్చింది, "అవ్వకు బాగాలేదు, పెట్టె సర్దుకుని వచ్చెయ్" అని. ఏడుస్తూ బస్సెక్కింది. ఇంటికి పోయేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండులో ఈనెలు తీస్తోంది, నిక్షేపంగా. లోపల టైలరు టేపు పట్టుకుని కూర్చుంది, జాకెట్టు కొలతలకు. వరుడు మేనమామ, ఆమెకంటే పద్నాలుగేళ్లు పెద్ద. అవ్వ పేరు మీదున్న మెట్ట పొలం బయటికి పోకూడదు, అంతే. "'ఎందుకమ్మా?' అని కూడా నేను అడగలేదు టీచర్, టేపు చుట్టూ తిప్పుతుంటే చేతులెత్తి నిలబడ్డాను" అని ఆ అమ్మాయి తర్వాతెప్పుడో చెప్పింది.

నాలుగేళ్లకు స్టడీ సర్టిఫికెట్ కోసం బడికొచ్చింది. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకతె. మొదటి కాన్పులో బీపీ పెరిగి ఒంగోలు తీసుకుపోవాల్సి వచ్చిందట. బిడ్డ బరువు తక్కువగా పుట్టింది. సంతకం పెట్టి వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "టీచర్, ఓపెన్‌లో ఇంటర్ కట్టొచ్చా?" అంది. కట్టొచ్చు. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది అలాంటివాళ్ల కోసమే. కట్టింది, రాసింది, పాసైంది. కానీ రెండేళ్లలో అయిపోవాల్సిన చదువు కోసం ఆ పిల్ల ఎన్ని రాత్రులు బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని మేలుకుందో నాకు తెలుసు.

కన్నవాళ్లు రాక్షసులని నేను చెప్పడం లేదు. కనిగిరి, మార్కాపురం వైపు వానలు నమ్ముకోలేని నేలలు. మిరప కోతలకు గుంటూరు వైపు, బిల్డింగు పనులకు హైదరాబాదు, బెంగుళూరు పోతారు. వయసొచ్చిన పిల్లను ముసలామె దగ్గర వదిలి పోవాలంటే వాళ్లకు నిద్ర పట్టదు. ఎవడితోనో లేచిపోతుందేమో, సెల్‌ఫోన్లో ఎవడితో మాట్లాడుతోందో అనే భయం. ఇంకోటి కట్నం. ఎక్కువ చదివిస్తే అంతకన్నా ఎక్కువ చదివిన అల్లుణ్ణి తేవాలి, వాడు ఇంకా ఎక్కువ అడుగుతాడు. 1961 నుంచి కట్నం నేరమే, అయినా ఈ లెక్క ప్రతి ఇంట్లో వేస్తూనే ఉన్నారు. కష్టం నిజమే. కానీ ఆ కష్టం తీర్చుకోవడానికి పిల్ల బతుకును ఖర్చుపెట్టడం తప్పు. ఆ మాట వాళ్ల మొహం మీదే చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఇక ఒంటి సంగతి. పదహారేళ్లకు కటి ఎముకలు పూర్తిగా ఎదగవు. మన పిల్లల్లో రక్తహీనత ముందే ఎక్కువ. అందుకే ఆ వయసు కాన్పుల్లో బీపీ, ఫిట్స్, బిడ్డ బయటికి రాలేక ఇరుక్కోవడం, నెలలు నిండకుండా పుట్టడం లాంటి చిక్కులు వస్తాయి. ప్రపంచం మొత్తమ్మీద 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల మరణాలకు ముఖ్య కారణాల్లో గర్భం, కాన్పు ఉన్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం సగటు 23. అంటే మనం దేశం కన్నా వెనక ఉన్నాం. 15-19 ఏళ్ల పిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. ఒంటికి తగిలిన దెబ్బ డాక్టరుకు కనబడుతుంది. మనసుకు తగిలింది ఇంట్లోవాళ్లకు కూడా కనబడదు. ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఊరికే తలనొప్పి అనడం, బావి వైపు చూడటం. అలా అనిపించిన రోజు 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

చట్టం గురించి మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు అంది. 1978లో దాన్ని 18 చేశారు. ఇప్పుడున్నది 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం: అమ్మాయికి 18, అబ్బాయికి 21. చేసిన పెద్దలకు, చేయించిన పురోహితుడికి, పిల్లను కట్టుకున్న పెద్దవాడికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. బాల్యవివాహమని తెలిసి భోజనానికి పోయినవాళ్లూ తప్పించుకోలేరు. అమ్మను జైల్లో పెడతారేమోనని నోరు విప్పని పిల్లలు చాలామంది ఉన్నారు. వినండి: ఈ చట్టం కింద ఆడవాళ్లకు జైలుశిక్ష లేదు. పెళ్లి జరగకముందే మెజిస్ట్రేట్ ఆపు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేస్తే ఆ పెళ్లి చెల్లదు. జరిగిపోయినా దారి మూసుకుపోదు. ఆ అమ్మాయి 20 ఏళ్లు నిండేలోగా జిల్లా కోర్టులో రద్దు చేయమని అడగొచ్చు. రద్దయినా పిల్లలకు హక్కులు పోవు. 18 నిండని భార్యతో భర్త శారీరక సంబంధం పెట్టుకున్నా అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది.

మరి 18 దాటినవాళ్లకో? "మేజరైంది కదా, ఇంక మన ఇష్టం" అనుకునే ఇళ్లు ఉన్నాయి. మేజరైతే ఇష్టం ఆ అమ్మాయిది. బెదిరించి చేసిన పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం ప్రకారం కోర్టుకు పోవచ్చు, కాకపోతే ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపే పోవాలి. ఇంట్లో బంధించినా, కొట్టినా ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి, లేదా పోలీసులకు 112కి ఫోన్ చెయ్యండి.

మార్కుల లిస్టు జాగ్రత్త అని నేను క్లాసులో ఊరికే అనేదాన్ని కాదు. వయసు తేల్చాల్సి వచ్చినప్పుడు అధికారులు ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్టూ, పదో తరగతి మార్కుల లిస్టూ. ఆధార్‌లో తేదీ మార్పించి పెళ్లి చేయాలని చూసేవాళ్లుంటారు. అందుకే మీ మెమో ఒక జిరాక్సు తీసి టీచరు దగ్గరో, నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లోనో ఉంచండి. ఫోటో తీసి పంపినా చాలు.

ఇలా చెప్పినప్పుడల్లా ఎవరో ఒక పెద్దమనిషి, "పూర్వం అందరికీ చిన్నప్పుడే పెళ్లిళ్లు అయ్యాయి, వాళ్లు గొప్పవాళ్లు కాలేదా?" అంటాడు. అయ్యారు. మన నెల్లూరు పొణకా కనకమ్మ గారికి చిన్నతనంలోనే పెళ్లైంది, బడికి పోయే భాగ్యం దక్కలేదు. సొంతంగా చదువుకుని కవయిత్రి అయ్యారు, స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. తనకు దక్కనిది మిగతా ఆడపిల్లలకు దక్కాలని బడి కట్టిన మనిషిని బాల్యవివాహానికి సాక్ష్యంగా తెస్తారా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లకే బంధువుల్లో పెళ్లి చేశారు. ఈడొచ్చాక ఆ కాపురానికి వెళ్లనన్నారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. తర్వాత ఆవిడ రాజ్యాంగ సభలో కూర్చున్నారు. నాకు ఆ తండ్రి అంటే మహా గౌరవం. నూరేళ్ల కిందట ఒక తండ్రి చేయగలిగినపని ఇప్పుడు మీ నాయనలు ఎందుకు చేయలేరు?

ఇంట్లో సంబంధం మాట వినబడగానే ఒక్కరికైనా చెప్పండి. బడిలో టీచరు, అంగన్‌వాడీ అక్క, సచివాలయంలో మహిళా పోలీసు, ఎవరైనా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరి ఫోన్ నుంచైనా చేయొచ్చు. నా పేరు బయటపెట్టొద్దు అని ముందే చెప్పండి. తహసీల్దారుకు, అంగన్‌వాడీలను చూసుకునే ఐసీడీఎస్ అధికారులకు ఈ పెళ్లిళ్లు ఆపే బాధ్యత ఉంది. ముహూర్తం రోజు దాకా ఆగకండి. బాజాలు మోగాక జీపు వస్తే గొడవ పెద్దదవుతుంది, పదిరోజుల ముందే చెబితే చాలాసార్లు కూర్చోబెట్టి మాట్లాడటంతోనే పోతుంది. ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే బాలల సంక్షేమ కమిటీ బాలసదనంలో ఉంచుతుంది, ఆడపిల్లల సర్కారు హాస్టలు బడి కస్తూర్బా విద్యాలయంలో సీటూ దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. ఈ పెళ్లి తప్పించుకోవడానికి "నేనున్నాను, వచ్చెయ్" అన్న అబ్బాయి వెంట పోకండి. పదహారేళ్లకు అదీ ఇంకో పెళ్లే.

మగపిల్లలూ, మీరు ఈ ఉత్తరం పక్కన పెట్టేయకండి. మీ అక్కకో చెల్లెలికో సంబంధం చూస్తున్నారని మీకే ముందు తెలుస్తుంది, ఎందుకంటే వంటింటి మాటలూ అరుగు మీది మాటలూ రెండూ మీ చెవిన పడతాయి. "దానికి ఇష్టంలేదు నాయనా" అని మీరు ఒక్కసారి అంటే ఆడపిల్ల పదిసార్లు అన్నదానికన్నా మీ ఇంట్లో ఎక్కువ వింటారు. అలా ఉండటం న్యాయం కాదు. అయినా అలాగే ఉంది కాబట్టి, ఆ మాట అనండి. రేపు మీకు ఇరవై రెండేళ్లప్పుడు పదహారేళ్ల మరదల్ని చూపిస్తే మీరే వద్దనండి.

జూన్‌లో మీలో ఎవరు ఇంటర్లో చేరారో, ఎవరు చేరలేదో చూసుకోండి. చేరని అమ్మాయి ఇంటికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. పెళ్లైపోయిందని చెబితే ఆ అడ్రసు కనుక్కోండి, ఫోన్ నంబరు తీసుకోండి, ఒకసారి మాట్లాడండి. ఓపెన్ ఇంటర్ ఫారం నింపడం తెలియకపోతే ఆమెను నా దగ్గరకు తీసుకురండి. సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

మీ టీచరమ్మ