దగ్గు, జ్వరం, దద్దుర్లు: నింద మందు మీదికి ఎలా వచ్చింది

దగ్గు, జ్వరంతో ఉన్న పిల్లవాడికి పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిలిన్ సిరప్ మొదలుపెడతారు. నాలుగైదు రోజులకి పొట్ట మీద, వీపు మీద దద్దుర్లు లేస్తాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. మందు పడలేదంటారు. చీటీ మీద ‘పెన్సిలిన్ ఎలర్జీ’ అని ఎక్కుతుంది. పెద్దయ్యాక ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు ఆ మాటే చెప్పుకోవాలి. కానీ ఇలా ముద్ర పడ్డవాళ్లలో ఎక్కువమందికి ఆ మందు నిజానికి పడుతుంది. చాలాసార్లు ఆ దద్దుర్లు తెచ్చింది జ్వరం తెచ్చిన వైరస్సే. ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది.

ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల్లో మొదలయ్యే జబ్బు చర్మం మీద ఎందుకు తేలుతుందన్న ప్రశ్న తట్టుతో మొదలైంది. 10వ శతాబ్దం మొదట్లో పర్షియా వైద్యుడు అల్-రాజీ మశూచినీ తట్టునూ విడదీసి రాశాడు. వెన్నునొప్పి మశూచిలో ఎక్కువ, వికారం, కంగారు తట్టులో ఎక్కువ అన్నాడు. కారణం మాత్రం రెండింటికీ రక్తం ఉడకడమే అనుకున్నాడు. లోపలి వేడి బయటికి వస్తోందని మన ఇళ్లలో అనుకోవడమూ ఇంచుమించు ఇదే ఆలోచన.

1846లో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా మంచం పట్టారు. ప్రభుత్వం పంపిన యువ వైద్యుడు పీటర్ పానమ్ ఊరూరా తిరిగి, ఎవరు ఎప్పుడు ఎవరిని కలిశారో రాసుకున్నాడు. జబ్బు అంటుకున్నాక దద్దుర్లు కనబడటానికి దాదాపు రెండు వారాలు పడుతుందని తేల్చాడు. 1781లో తట్టు వచ్చి బతికిన ముసలివాళ్లకి ఈసారి అది సోకలేదనీ గమనించాడు. అంటే దద్దుర్లు కనబడేసరికే జబ్బు ఒంట్లో చాలా దూరం నడిచింది. దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం ముందు వస్తాయి, చర్మం తర్వాత. దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే తట్టు ఇతరులకు అంటుకుంటుందని ఇప్పుడు మనకు తెలుసు.

అసలు మలుపు 1959లో వచ్చింది. తట్టు వైరస్‌ను అంతకు అయిదేళ్ల ముందు బోస్టన్‌లో వేరుచేసిన జాన్ ఎండర్స్ బృందమే, న్యుమోనియాతో చనిపోయిన కొందరు పిల్లల ఊపిరితిత్తుల్లో అదే వైరస్‌ను కనిపెట్టింది. ఆ పిల్లలకు అంతకుముందే వేరే తీవ్రమైన జబ్బులున్నాయి. ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదు. తట్టు దద్దుర్లను వైరస్ ఒక్కటే పుట్టించదని, దాని మీద తిరగబడే రోగనిరోధక కణాలు అందుకు కావాలని ఇలాంటి కేసులతో క్రమంగా స్పష్టమైంది. తట్టు ఒళ్లంతా పోస్తేనే మంచిదని పాతకాలం వాళ్లు చెప్పే మాటలో ఇంత గమనింపు దాగి ఉందేమోనని నాకనిపిస్తుంది. వాళ్లు చెప్పిన కారణం వేరు, చూసిన సంగతి మాత్రం నిజమే కావచ్చు.

చెంపదెబ్బ తిన్నట్టు బుగ్గలు ఎర్రబడే ‘అయిదో జబ్బు’ (ఫిఫ్త్ డిసీజ్) ఈ మాటను ఇంకా గట్టిపరిచింది. దానికి కారణమైన పార్వోవైరస్ బి19 బ్రిటన్‌లో 1975లో రక్తదాతల రక్తాన్ని పరీక్షిస్తుంటే అనుకోకుండా దొరికింది. 1985లో ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ముక్కులో ఈ వైరస్ వేశారు. మొదట జ్వరం వచ్చింది. దద్దుర్లు రెండు వారాలు దాటాక, రక్తంలో వైరస్ తగ్గి యాంటీబాడీలు పెరిగాక వచ్చాయి. జ్వరం తగ్గాక దద్దుర్లు ఎందుకొచ్చాయని అడిగే తల్లికి చెప్పాల్సిన జవాబు ఇదే.

మరి నింద మందు మీదికి ఎలా వెళ్లింది? పెన్సిలిన్ రకానికే చెందిన ఆంపిసిలిన్ 1960ల మొదట్లో మార్కెట్లోకి వచ్చింది. గొంతు నొప్పి, మెడ దగ్గర బిళ్లలు, జ్వరంతో వచ్చే యువతీ యువకులకు దాన్ని విరివిగా ఇచ్చారు. వాళ్లలో చాలామందికి ఉన్నది ఎప్స్టీన్-బార్ వైరస్. 1967 నుంచి వైద్య పత్రికల్లో వరసగా రాతలు కనిపించాయి: ఈ వైరస్ ఉన్నవాళ్లు ఆంపిసిలిన్ వేసుకుంటే నూటికి ఎనభై మందికి పైగా దద్దుర్లు వస్తున్నాయని. ఆ తర్వాతి పరిశీలనల్లో శాతం బాగా తక్కువగా కనిపించింది. వైరస్ తగ్గాక అదే రకం మందు మళ్లీ వాడితే చాలామందికి ఏమీ కాలేదు. మందు, వైరస్ కలిసినప్పుడు వచ్చే దద్దుర్లు వేరు, జీవితాంతం ఉండే ఎలర్జీ వేరు అని అప్పుడే తెలిసింది. కానీ చీటీల మీదికి ఆ తేడా ఎక్కలేదు. టీకా వల్ల తట్టు తగ్గుతూ వచ్చింది, యాంటీబయాటిక్ వాడకం పెరుగుతూ వచ్చింది. దాంతో దద్దుర్లు చూడగానే అనుమానం జబ్బు వైపు కాక మందు వైపు పోవడం అలవాటైపోయిందని నా అభిప్రాయం.

లెక్కలతో తేలింది ఈ శతాబ్దంలోనే. 2011లో జెనీవా వైద్యులు, పెన్సిలిన్ రకం మందులు వాడుతూ దద్దుర్లతో ఎమర్జెన్సీకి వచ్చిన 88 మంది పిల్లలను పరీక్షించారు. మూడింట రెండు వంతుల మందిలో ఏదో ఒక వైరస్ దొరికింది. తర్వాత ఆస్పత్రిలోనే అదే మందు మళ్లీ ఇచ్చి చూస్తే దద్దుర్లు తిరిగి వచ్చింది ఆరుగురికే. 2016లో మాంట్రియల్‌లో 818 మంది పిల్లలకు అమాక్సిసిలిన్ మళ్లీ ఇస్తే 94 శాతం మందికి ఏమీ కాలేదు.

కోవిడ్ వచ్చినప్పుడు ఈ అనుభవం పనికొచ్చింది. 2020 మార్చిలో ఇటలీలోని లెక్కో ఆస్పత్రి వైద్యులు 148 మంది రోగుల్లో, గత 15 రోజుల్లో కొత్త మందు ఏదైనా వాడిన 60 మందిని ముందే పక్కన పెట్టారు. మిగిలిన 88 మందిలో 18 మందికి చర్మం మీద మార్పులున్నాయి. ఈ వడపోత వల్లే ఆ దద్దుర్లను వైరస్ లెక్కలో వేయగలిగారు. అదే ఏడాది మరో లోటు బయటపడింది. కోవిడ్ దద్దుర్ల మీద వైద్య పత్రికల్లో వచ్చిన 130 ఫొటోలను పరిశీలిస్తే, బాగా ముదురు రంగు చర్మానిది ఒక్కటీ లేదు. మనకి ఇది చిన్న విషయం కాదు. చామనఛాయ, నల్లని ఒంటి మీద దద్దుర్లు పుస్తకాల్లో చెప్పినట్టు ఎర్రగా కనబడవు. ముదురు గోధుమ రంగులోనో ఊదా ఛాయలోనో ఉంటాయి, ఒక్కోసారి చేత్తో తడిమితేనే తెలుస్తాయి. తెల్ల చర్మం బొమ్మలు చూసి నేర్చుకున్న కన్ను వాటిని దాటిపోతుంది.

తప్పుడు ముద్ర వల్ల నష్టం ఏమిటంటే, పెన్సిలిన్‌తో పోయే జబ్బుకి అంతకంటే ఖరీదైన, ఇంకా ఎన్నో సూక్ష్మజీవులను చంపే మందు వాడాల్సి వస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా ఇప్పటికే పెరుగుతున్న మన దేశంలో ఇది బరువైన విషయం. పైగా వైరస్ వల్ల వచ్చే జలుబు, దగ్గుకి యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఆ సీసా లేకపోతే ‘మందు పడలేదు’ అన్న ప్రశ్నే రాదు.

అలాగని దద్దుర్లన్నీ వైరస్‌వే అనుకోకూడదు. మందు వేసిన గంట, రెండు గంటల్లో పెదాలు, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా అది నిజమైన ఎలర్జీ కావచ్చు. నోట్లో, కళ్లలో పుండ్లు పడినా, చర్మం బొబ్బలెక్కి ఊడుతున్నా, గాజు గ్లాసుతో నొక్కినా మచ్చ మాయం కాకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మందు పడుతుందో లేదో చూద్దామని ఇంట్లో మళ్లీ వేసి చూడటం ప్రమాదం. ఆ పరీక్ష డాక్టర్ల కళ్ల ముందే జరగాలి. అప్పటిదాకా చీటీ మీద ఉత్త ‘ఎలర్జీ’ అని కాకుండా మందు పేరు, మొదలుపెట్టిన ఎన్నో రోజున దద్దుర్లు వచ్చాయి, అప్పటికి జలుబు, జ్వరం ఉన్నాయా అన్నవి రాయించుకుని, ఫోనులో ఫొటో తీసి ఉంచితే తర్వాత చూసే డాక్టరుకి తేల్చడం సులువవుతుంది.