యూరియా ఎటు పోతోంది?

హైదరాబాదులో సన్నబియ్యం అనగానే చాలామందికి సాంబ మసూరే గుర్తొస్తుంది. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులు చేర్చి ఆ రకాన్ని మెరుగుపరిచిందీ ఈ నగరమే. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి చేసిన ఆ రకం 2008లో విడుదలైంది. జన్యువులు ఆ ఒక్క తెగులుకే అడ్డు. అతిగా వేసిన యూరియా వెంట వచ్చే అగ్గి తెగులును, మొక్క రసం పీల్చే సుడిదోమను అవి ఆపలేవు.

యూరియా అందించే నత్రజని లేనిదే వరి లేదు, నిజమే. ప్రతి పత్రహరిత అణువులోనూ నాలుగు నత్రజని పరమాణువులుంటాయి. నత్రజని చాలకపోతే మొక్క పాత ఆకుల నుంచి దాన్ని లాగి కొత్త ఆకులకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, పిలకలు తగ్గుతాయి. ఎక్కువైతే మాత్రం ఆకులు మెత్తబడి గుబురుగా పెరుగుతాయి, దుబ్బుల మధ్య గాలి ఆడదు, రసంలో పెరిగిన అమైనో ఆమ్లాలు సుడిదోమకు విందు. గట్టు మీద నిలబడి మెచ్చుకునే ఆ నల్లటి పచ్చదనాన్ని నేనైతే అనుమానించమంటాను.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకే. అందులో సగం కూడా పైరుకు చేరకపోవడం మామూలే. నిలువ నీటిలో చల్లిన యూరియాను యూరియేజ్ అనే ఎంజైము అమ్మోనియంగా మారుస్తుంది. పగటి ఎండలో నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడును పీల్చేసుకుంటుంది. దాంతో మధ్యాహ్నానికి నీటి క్షారత బాగా పెరుగుతుంది, అమ్మోనియం అమ్మోనియా వాయువై ఎగిరిపోతుంది. రైతు కొన్న ఎరువు కళ్లముందే ఆవిరైపోతున్నా కంటికి కనపడదు! మడి ఒకసారి ఆరి మళ్లీ నిండితే మరో నష్టం. ఆరినప్పుడు అమ్మోనియం నుంచి తయారైన నైట్రేటును, నీరు నిండాక బాక్టీరియా నత్రజని వాయువుగా మార్చేస్తుంది. కొంత నైట్రస్ ఆక్సైడుగానూ పోతుంది, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడు కంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది.

అందుకే మడిలో నీరు తీసేసి, బురద పదునులో యూరియా చల్లి, ఒకటిన్నర నుంచి రెండు రోజుల తర్వాత పలుచగా నీరు పెట్టమంటారు. మొత్తం ఒకేసారి కాకుండా నాటే ముందు దమ్ములో కొంత, పిలకలు వేసి దుబ్బు చేసే దశలో కొంత, కంకి రూపుదిద్దుకునే అంకురం దశలో మిగతాది వేయాలి. మోతాదు విషయంలో సందేహముంటే ఆకు పచ్చదనాన్ని బట్టి నత్రజని అవసరాన్ని అంచనా వేసే ఆకు రంగుల పట్టిక ఉంది, ఖరీదు స్వల్పం. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును మీ నీడలో, పట్టిక పక్కన పెట్టి రంగు పోల్చి చూడండి.