ఉత్తరం వస్తోంది సరే, స్కానింగ్ బిల్లు ఎవరిది?

అమెరికాలో మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టేందుకు తీసే ఎక్స్‌రే) తీయించుకున్న ప్రతి మహిళకూ, రొమ్ము కణజాలం దట్టంగా ఉందో లేదో రాసి చెప్పాలన్న నిబంధన 2024 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దట్టంగా ఉంటే కొందరికి వేరే పరీక్షలూ ఉపయోగపడవచ్చని, డాక్టరుతో మాట్లాడమని కూడా అందులో ఉంటుంది. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్న మనవాళ్లకూ వచ్చేది ఈ ఉత్తరమే. ఆ వేరే పరీక్షకు డబ్బు ఎవరు కట్టాలో మాత్రం అందులో ఉండదు. గొడవంతా దాని మీదే.

మామోగ్రఫీ పుట్టుపూర్వోత్తరాలు, ఏ వయసు నుంచి తీయించుకోవాలన్న పాత పంచాయితీ పక్కన పెడదాం. అసలు మలుపు కనెక్టికట్ రాష్ట్రంలో ఉంది.

అక్కడి నాన్సీ కపెల్లో అనే మహిళ ఏటా మామోగ్రామ్ తీయించుకునేవారు, ఏటా బాగానే ఉందనేవారు. 2004లో డాక్టరు చేతికి ఏదో గట్టిగా తగిలింది. మళ్లీ తీసిన మామోగ్రామ్‌లోనూ ఏమీ లేదు. అల్ట్రాసౌండ్‌లో మాత్రం రెండున్నర సెంటీమీటర్ల కణితి కనిపించింది. అప్పటికే క్యాన్సర్ 13 లింఫ్ గ్రంథులకు పాకింది.

మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా పడుతుంది. పాల గ్రంథులు, పీచు కణజాలం తెల్లగా పడతాయి, కణితీ తెల్లగానే పడుతుంది. ఈ గ్రంథులు, పీచు ఎక్కువగా ఉండటమే దట్టమైన కణజాలం. అందులో కణితిని వెతకడమంటే బియ్యంలో తెల్లరాయి ఏరడమే. అల్ట్రాసౌండ్‌లో కణితి సాధారణంగా నల్లమచ్చలా విడిగా తెలుస్తుంది. నలభై దాటినవారిలో దాదాపు సగం మందిది దట్టమైన కణజాలమే. చేత్తో తడిమితే అది తెలిసేది కాదు, ఫిల్ము చూసినవాళ్లకే తెలుస్తుంది. వాళ్లకు తెలిసిన సంగతి తనకెందుకు చెప్పలేదని నాన్సీ నిలదీశారు. చెప్పే ఆనవాయితీ లేదన్నారు.

కనెక్టికట్ 2005లో దట్టమైన కణజాలం ఉన్నవారి అల్ట్రాసౌండ్‌కు బీమా వర్తించాలని చట్టం చేసింది. మహిళకు రాసి చెప్పాలన్న చట్టం 2009లో వచ్చింది. అంటే అక్కడ ముందు తేలింది డబ్బు సంగతి. మొదట్లో చెప్పుకున్న, 2023 మార్చిలో ఖరారైన కేంద్ర నిబంధన రెండోదాన్నే తీసుకుని మొదటిదాన్ని వదిలేసింది. చెప్పడానికి ఖర్చు లేదు మరి! నాన్సీ 2018లోనే చనిపోయారు.

అదనపు పరీక్షలతో లేనిపోని అనుమానాలు, అక్కర్లేని బయాప్సీలు (ముక్క తీసి చేసే పరీక్షలు) పెరుగుతాయన్నది అవతలి వాదం. దట్టమైన కణజాలం ఉన్నవారికి వాటిని సిఫారసు చేసేందుకు ఆధారాలు చాలవని స్క్రీనింగ్ పరీక్షలపై సిఫారసులు చేసే అమెరికా నిపుణుల బృందం ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2024 ఏప్రిల్‌లో అంది. మరణాలు తగ్గినట్టు ఇంకా రుజువు కాలేదు, నిజమే. కానీ నలభైల్లో ఉన్న జపాన్ మహిళలపై జరిగిన అధ్యయనంలో మామోగ్రామ్ ఒక్కటే క్యాన్సర్లలో 77 శాతాన్ని పట్టుకుంటే, అల్ట్రాసౌండ్ తోడైతే 91 శాతం దొరికాయి. నెదర్లాండ్స్‌లో కణజాలం మరీ దట్టంగా ఉన్నవారిని ఎంఆర్ఐకి పిలిస్తే, రెండు పరీక్షల మధ్య బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కు తగ్గాయి. తప్పుడు అనుమానాలూ పెరిగాయి. అయినా వాటిని ఆలస్యంగా దొరికిన కణితితో సమానంగా తూచడం ఎలా?

2026లో మొదలయ్యే బీమా పాలసీల్లో, స్క్రీనింగ్ పూర్తి చేయడానికి అవసరమైన అదనపు స్కానింగ్‌ను కూడా ఉచిత సేవల్లో చేర్చాలని అమెరికా ప్రభుత్వ కొత్త మార్గదర్శకం చెబుతోంది. కణజాలం దట్టంగా ఉండటం ఒక్కటే ఆ ‘అవసరం’ కిందికి వస్తుందా అన్నది అందులో విడమరచలేదు.