స్మార్ట్ రవాణా పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది: కొలతల వెనుక చరిత్ర

నగరంలో కొత్త సిగ్నల్ వ్యవస్థ పెట్టిన ఏడాదికి వచ్చే నివేదికను తిరగేస్తే ఎన్ని కెమెరాలు బిగించారు, ఎన్ని కూడళ్లను కంట్రోల్ రూముకు కలిపారు, ఎన్ని చలానాలు వేశారు అన్న లెక్కలన్నీ ఉంటాయి. పనికి వెళ్లే మనిషికి రోజూ ఎన్ని నిమిషాలు మిగిలాయన్నది మాత్రం కనిపించదు. కనిపించినా, దేనితో పోల్చి మిగిలాయన్నారో రాయరు. ఈ లోపం స్మార్ట్ అన్న మాట కంటే చాలా పాతది. వ్యవస్థను కట్టినవాళ్ల చేతికి సులువుగా అందే కొలతతోనే దాన్ని తూచడం మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఆ అలవాటును పట్టుబట్టి మానుకున్న కొద్దిచోట్లే నమ్మదగిన జవాబులు దొరికాయి.

మొదటి ట్రాఫిక్ సిగ్నల్ 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం దగ్గర వెలిసింది. రైల్వే ఇంజనీరు జాన్ పీక్ నైట్ రైలు సిగ్నళ్ల తరహాలో పగటికి లేచి దిగే చేతులు, రాత్రికి గ్యాసు దీపాలు పెట్టించాడు. గుర్రపు బళ్ల మధ్య రోడ్డు దాటలేకపోతున్న మనుషులకు దారి ఇవ్వడం దాని పని. 1869 జనవరిలో గ్యాసు పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. ఆ తర్వాత దాన్ని తీసేశారు. 1914 ఆగస్టులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విద్యుత్ సిగ్నల్ వచ్చేసరికి రోడ్డు కార్లదైంది. ఇక గంటకు ఎన్ని బళ్లు దాటాయన్నదే కొలబద్ద. నడిచేవాళ్లు లెక్కలోంచి జారిపోయారు.

కొలతకు ఒక పద్ధతి కుదిరింది బ్రిటన్ రోడ్డు పరిశోధన ప్రయోగశాలలో. 1954లో వార్డ్‌రాప్, చార్ల్స్‌వర్త్ చెప్పిన పద్ధతి ఇది: ఒక కారు అదే రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంది. ఎదురొచ్చిన బళ్లను, తనను దాటిపోయినవాటిని, తాను దాటేసినవాటిని లోపలున్న మనిషి లెక్కపెడతాడు. ఆ మూడు అంకెలకు రెండు ప్రయాణ సమయాలు జోడిస్తే బళ్ల ప్రవాహం, సగటు ప్రయాణ సమయం రెండూ తేలతాయి. పరికరాలేవీ లేని చోట ఈ రోజుకీ ఇది పనికొస్తుంది.

నాలుగేళ్ల తర్వాత, 1958లో, అదే ప్రయోగశాలకు చెందిన వెబ్‌స్టర్ సిగ్నల్ సైకిల్, అంటే రంగులన్నీ ఒక చుట్టు తిరిగొచ్చే సమయం, ఎంతసేపు ఉండాలో సూత్రం ఇచ్చాడు. సైకిల్‌లో రంగులు మారేటప్పుడు వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలపాలి. ఒక్కో దశలో అన్నిటికంటే రద్దీగా ఉన్న దారికి వచ్చే బళ్లు, ఆ దారికి ఎప్పుడూ పచ్చలైటే ఉంటే పట్టే బళ్లలో ఎన్నో వంతో చూసి, ఆ వంతులన్నీ కూడి 1లోంచి తీసేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సైకిల్ నిడివి వస్తుంది. వృథా 10 సెకన్లు, వంతుల మొత్తం 0.7 అయితే 20ని 0.3తో భాగించాలి, 67 సెకన్లు. మొత్తం 0.8 అయితే 100 సెకన్లు, 0.9 అయితే 200. రద్దీ ఎనిమిదో వంతు పెరిగితే సైకిల్ రెట్టింపైంది. కూడలి నిండిపోయే దశకు వచ్చాక ఏ సాఫ్ట్‌వేరైనా ఎందుకు చేతులెత్తేస్తుందో ఈ మూడు అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఈ సూత్రం తగ్గించాలని చూసేది బళ్ల సగటు ఆలస్యాన్ని. 200 సెకన్ల సైకిల్‌లో నడిచేవాళ్లకు దాటే వంతు ఒక్కసారే వస్తే, ఆలస్యంగా వచ్చినవాళ్లు మూడు నిమిషాలకు దగ్గరగా నిలబడాలి. అంతసేపు ఎవరూ నిలబడరు, ఎర్రలైటులోనే దాటుతారు. ఆ ప్రమాదం సిగ్నల్ పనితీరు లెక్కలోకి రాదు. బస్సుదీ అదే గతి. బస్సుకు దారి ఇచ్చేందుకు పచ్చలైటును పొడిగిస్తే అడ్డదారిలో 20 కార్లు ఒక్కోటి 5 సెకన్లు ఆగాయనుకుందాం, 60 మంది ఉన్న బస్సుకు 20 సెకన్లు కలిసొచ్చాయనుకుందాం. బళ్ల లెక్కన 100 సెకన్లు పోయి 20 వచ్చాయి, అంటే నష్టం. కారుకు ఒకటిన్నర మంది చొప్పున మనుషుల లెక్క వేస్తే 150 పోయి 1,200 వచ్చాయి. ఏ లెక్క రాయాలన్నది ఇంజనీరింగ్ నిర్ణయంలా కనిపిస్తుంది గానీ, రోడ్డు ఎవరిదన్న నిర్ణయం అందులోనే అయిపోతుంది.

1963లో టొరంటో నగరం సిగ్నళ్లను కంప్యూటరుతో నడపడం మొదలుపెట్టింది. 1960ల చివర్లో డెనిస్ రాబర్ట్‌సన్ తయారుచేసిన ట్రాన్సిట్ ప్రోగ్రాం, కూడళ్ల వరుస మొత్తానికీ కలిపి ఆలస్యాన్నీ, బళ్లు ఆగే సార్లనూ తగ్గించే టైమింగులు లెక్కకట్టేది. 1970లలో రెండు వ్యవస్థలు రూపుదిద్దుకున్నాయి: బ్రిటన్‌లో స్కూట్, సిడ్నీలో స్కాట్స్. రోడ్డులోని డిటెక్టర్లు ఇచ్చే సమాచారంతో టైమింగులను ఎప్పటికప్పుడు సర్దడం రెండింటి పనీ. స్కూట్‌ను గ్లాస్గోలో, తర్వాత కావెంట్రీలో పరీక్షించారు. అప్పుడే కొత్తగా తయారుచేసిన స్థిర ప్లాన్లతో, అంటే ముందే లెక్కకట్టి పెట్టే టైమింగులతో, పోల్చినప్పుడు ఆలస్యం సగటున 12 శాతం వరకు తగ్గిందని 1981లో వెల్లడించారు.

ఇందులో అసలు విలువైన మాట 12 శాతం కాదు, కొత్తగా తయారుచేసిన ప్లాన్లతో అన్నది. స్థిర ప్లాను పాతబడేకొద్దీ ఏడాదికి దాదాపు 3 శాతం చొప్పున చెడుతుందని 1986లో పరిశోధకులు బెల్, బ్రెథర్టన్ లెక్క తేల్చారు. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని టైమింగులతో పోలిస్తే ఏ కొత్త వ్యవస్థ అయినా పెద్ద మెరుగుదల చూపగలదు. అందులో ఎక్కువ భాగం, ఒక బృందం మళ్లీ బళ్లను లెక్కించి సిగ్నల్‌ను నడిపే పాత పెట్టెలోనే టైమింగులు మార్చినా వచ్చేదే. అమ్మకపు పత్రాల్లో పెద్ద శాతం కనిపిస్తే మొదట అడగాల్సింది, పాత ప్లానును ఆఖరిసారి ఎప్పుడు సరిదిద్దారని.

డిటెక్టర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తారులో సన్నటి గాడి కోసి, తీగను కొన్ని చుట్లు తిప్పి, పైన సీలెంటు పోసేదే లూప్. సాధారణంగా 1.8 మీటర్ల చదరం ఉంటుంది. ఇనుము పైకొస్తే తీగకు ఉండే ఇండక్టెన్సు అనే విద్యుత్ గుణం మారుతుంది, పెట్టె దాన్ని బండిగా లెక్కిస్తుంది. సీలెంటు పగిలి నీళ్లు దిగితే తప్పుడు లెక్కలు మొదలవుతాయి. రోడ్డు పైపొర గీకి కొత్త తారు వేసేటప్పుడు తీగ తెగిపోతుంది, కేబుల్ పనికి రోడ్డు తవ్వినా అంతే. లేన్లు పాటించని ట్రాఫిక్‌లో రెండు లూపుల మధ్యగా వెళ్లే మోటారు సైకిలు దొరకదు. డిటెక్టర్ పోయిన చోట వ్యవస్థ చప్పుడు లేకుండా ముందే పెట్టుకున్న ప్లానుకు దిగిపోతుంది, కంట్రోల్ రూము తెర మీద మాత్రం అంతా నడుస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఫలితం కొలిచిన రోజుల్లో ఎన్ని డిటెక్టర్లు పనిచేస్తున్నాయో రాయని నివేదిక పెద్దగా ఉపయోగపడదు.

పోలికను ప్రయోగంలోనే ఇమడ్చడం ఎలాగో 1992, 1993లలో అమెరికాలోని ఓర్లాండోలో జరిగిన ట్రావ్‌టెక్ పరీక్ష చూపించింది. 100 కార్లకు దారి చూపే పరికరాలు బిగించారు. అందరికీ ఒకే సదుపాయం ఇవ్వలేదు: కొందరికి తాజా ట్రాఫిక్ సమాచారంతో దారి, కొందరికి ఆ సమాచారం లేకుండా దారి, కొందరికి కేవలం చిరునామాల సేవలు. మార్పు పరికరం వల్ల వచ్చిందా, సమాచారం వల్ల వచ్చిందా అని విడదీయడానికి అది చాలింది.

అంతకంటే ధైర్యమైన పని 2000లో అమెరికా రాష్ట్రం మిన్నెసోటాలో జరిగింది. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో ఫ్రీవే అనే వేగపు రహదారిలోకి వెళ్లే ర్యాంపుల మీద ‘మీటర్లు’ అనే పరికరాలు దాదాపు 430 ఉండేవి. అంటే, బళ్లను ఒక్కొక్కటిగా వదిలే చిన్న సిగ్నళ్లు. ర్యాంపు మీద నిలబడలేకపోతున్నామని జనం విసిగిపోయారు, ఇవి మేలు చేస్తున్నాయో లేదో తేల్చమని శాసనసభ ఆదేశించింది. రవాణా శాఖ అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాటేదాకా అన్నిటినీ ఆపేసింది. ఆపకముందు, ఆపాక ఒకే కారిడార్లలో కొలతలు తీసుకున్నారు, అధ్యయనాన్ని బయటి కన్సల్టెంట్లకు అప్పగించారు. మీటర్లు లేనప్పుడు ఫ్రీవే మీద సాగే ట్రాఫిక్ 9 శాతం తగ్గింది, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. వ్యవస్థ నెగ్గింది. అయినా పాత పద్ధతిని యథాతథంగా తిరిగి పెట్టలేదు. జనం ఫిర్యాదులో నిజం ఉందని ఒప్పుకుని, స్థానిక ర్యాంపుల మీద నిరీక్షణ 4 నిమిషాలు, ఒక ఫ్రీవే నుంచి మరో ఫ్రీవేకు మారే ర్యాంపుల మీద 2 నిమిషాలు దాటకూడదని హద్దు పెట్టారు. మొత్తానికి లాభమే అయినా ఆ భారం ఎవరి మీద పడుతోందో విడిగా చూడడం ఈ అధ్యయనంలో నేర్చుకోవాల్సిన అసలు పాఠం.

రద్దీ రుసుముల చరిత్ర ఇంకా లోతైనది. సింగపూర్ 1975 జూన్‌లో నగర కేంద్రంలోకి ఉదయం 7.30 నుంచి 9.30 దాకా వచ్చే కార్లకు రోజుకు 3 డాలర్ల లైసెన్సు పెట్టింది. ఆ రెండు గంటల్లో కార్లు బాగా తగ్గాయి, 9.30 దాటగానే పోటెత్తాయి. కొద్ది వారాల్లోనే గడువును 10.15కు జరపాల్సి వచ్చింది. సాయంత్రం తిరుగు రద్దీ అనుకున్నంత తగ్గలేదు. రుసుము ఉన్న గంటలనే కొలిచి ఉంటే ఈ రెండూ తెలిసేవి కావు. 1998లో ఎలక్ట్రానిక్ వసూలుకు మారినప్పుడు కొలతను వ్యవస్థలోనే భాగం చేశారు: ఎక్స్‌ప్రెస్‌వేల మీద గంటకు 45 నుంచి 65 కిలోమీటర్లు, ముఖ్య రోడ్ల మీద 20 నుంచి 30 వేగం ఉండాలని నిర్ణయించి, మూడు నెలలకోసారి సమీక్షించారు. వేగం అడుగు హద్దు కంటే తగ్గితే రుసుము పెరుగుతుంది, పై హద్దు దాటితే తగ్గుతుంది.

స్టాక్‌హోమ్ పద్ధతి నాకు అన్నిటికంటే మెచ్చదగినదిగా తోస్తుంది. అక్కడ అదనపు బస్సులను 2005 ఆగస్టులోనే వదిలారు, రుసుమును 2006 జనవరి 3న మొదలుపెట్టారు. మధ్యలో దొరికిన నెలల వల్ల బస్సుల ప్రభావం ఎంతో, రుసుముది ఎంతో విడిగా కనిపించింది. బస్సులతోనే కార్లు పెద్దగా తగ్గలేదు, రుసుముతో ఆ రుసుము ప్రాంతపు సరిహద్దు దాటే ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గింది. జూలై 31న ప్రయోగం ఆపగానే చాలావరకు తిరిగొచ్చింది. 2007 ఆగస్టులో రుసుమును శాశ్వతం చేశాక మళ్లీ తగ్గింది. పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాక సందేహానికి చోటు లేదు.

లండన్ రద్దీ రుసుమును 2003 ఫిబ్రవరి 17న మొదలుపెట్టి ఏటా పర్యవేక్షణ నివేదికలు వేసింది. మొదట్లో రద్దీ 30 శాతం దాకా తగ్గింది. కొన్నేళ్లకు వచ్చే బళ్లు తక్కువగానే ఉన్నా, రద్దీ పాత స్థాయికి చేరింది. పైపుల కోసం రోడ్ల తవ్వకాలు, నడిచేవాళ్లకూ బస్సులకూ ఇచ్చిన చోటు, వాళ్ల కోసం మార్చిన టైమింగులు దానికి కారణాలని నివేదికలు చెప్పాయి. పథకం లేకపోతే పరిస్థితి ఎలా ఉండేదన్న అంచనా పక్కన పెట్టుకోకుండా, 2002తోనే పోల్చినవాళ్లు పథకం విఫలమైందని తేల్చేశారు.

2000 మేలో అమెరికా జీపీఎస్ సంకేతాలను కావాలని మసకబార్చడం ఆపాక, తర్వాత ఫోన్లు చేతికొచ్చాక, కొలతకు కొదవ లేకుండా పోయింది. కొత్త చిక్కు వేరే రకం. ఫోన్ల సమాచారంలో బండి ఉన్నవాళ్లు ఎక్కువగా, సాదా ఫోనుతో బస్సెక్కేవాళ్లు తక్కువగా పడతారు. రెండేళ్లలో యాప్ వాడకం పెరిగితే, ముందూ తర్వాతా కొలిచింది ఒకే గుంపును కాదు. యాప్ సూచించిన అడ్డదారిలో నివసించేవాళ్ల ఇబ్బంది ఏ లెక్కలోనూ ఉండదు. ఇక మనసుకు తోచే సమయం ఒకటుంది. 1992లో లండన్ బస్టాపుల్లో కౌంట్‌డౌన్ బోర్డులు పెట్టినప్పుడు నిరీక్షణ తగ్గినట్టు ప్రయాణికులకు అనిపించింది, బస్సులేమీ తొందరగా రాలేదు. అది నిజమైన లాభమే, దాన్ని ప్రయాణ సమయం ఖాతాలో వేయడం మాత్రం తప్పు.

ప్రమాదాల లెక్కలో ఇంకో మోసం పొంచి ఉంటుంది. గత ఏడాది ప్రమాదాలు ఎక్కువైన కూడళ్లనే ఎంచి కెమెరాలు పెడతారు. ఆ ఏడాది యాదృచ్ఛికంగా పెరిగిన సంఖ్య, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది సగటు వైపు దిగుతుంది. కనీసం మూడేళ్ల పాత లెక్క, కెమెరాలు పెట్టని అలాంటి కూడళ్లతో పోలిక లేకపోతే ఆ తగ్గుదలంతా కెమెరా ఖాతాలో పడిపోతుంది.

ఎన్ని కొలతలు చాలు అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. సగటు 20 నిమిషాల దారిలో ప్రయాణానికీ ప్రయాణానికీ తేడా 4 నిమిషాల ప్రామాణిక విచలనం (సగటు నుంచి అటూ ఇటూ చెదిరే తీరుకు కొలత) ఉందనుకుందాం. 10 సార్లు కారు నడిపి తీసిన సగటులో దాదాపు 3 నిమిషాలు అటూ ఇటూ అనిశ్చితి ఉంటుంది, కాబట్టి 1 నిమిషం మెరుగుదల అందులో కనిపించదు. దాన్ని నమ్మకంగా పట్టాలంటే ముందు 250, తర్వాత 250 ప్రయాణాలు కావాలి. ఇన్ని తీయగల బడ్జెట్ పరికరాలు వచ్చాక అడిగితే దొరకదు, ముందటి కొలతకైతే ఆ సమయమే దాటిపోయి ఉంటుంది.

అందుకే టెండరులోనే రాసుకోవాల్సినవి ఇవి. పని మొదలుకాకముందు కనీసం నాలుగు వారాల కొలత, సెలవులూ పరీక్షల రోజులూ వదిలేసి, మరుసటి ఏడాది అవే వారాల్లో మళ్లీ కొలత. కొత్త వ్యవస్థతో పోల్చే ముందు పాత టైమింగులను ఒకసారి సరిదిద్దడం. పని జరగని ఒక కారిడార్‌లో సమాంతరంగా కొలత. బస్సుల సమయం, నడిచేవాళ్లు ఆగే సమయం విడివిడిగా. డిటెక్టర్ల ముడి సమాచారం నగరానికే చెందుతుందని, కాంట్రాక్టు ముగిశాక కూడా చదవగలిగే రూపంలో అప్పగించాలని షరతు. కొలిచే బృందానికి డబ్బు కాంట్రాక్టరు ద్వారా కాకుండా నేరుగా చెల్లించాలి. మూడో ఏడాది మళ్లీ కొలవడానికి డబ్బు ఇప్పుడే పక్కన పెట్టాలి, ఎందుకంటే తీగలు తెగేదీ, టైమింగులు పాతబడేదీ అప్పటికే.