మోచేయి నొప్పి ఏళ్ల తరబడి ఎందుకు పోదు, దాని వెనకున్న కథ

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనికి పోయేవాళ్లనీ కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు పనికి పోయే ఆడోళ్లనీ అడగండి, మోచేయో భుజమో మడమ వెనకాలో ఏడాది నుంచి నొప్పిగానే ఉందని చెప్పేవాళ్లు తగులుతానే ఉంటారు. వాళ్లు విన్న మాట కూడా దాదాపు ఒకటే, "నరం అరిగిపోయిందమ్మా, ఇంక బరువెత్తబాక". ఆ నొప్పి చాలాసార్లు నరానిది కాదు, కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటి టెండన్‌ది. బరువెత్తితే తెగిపోద్దేమో అనే భయం మాత్రం ఆ మాటతోనే లోపలికి పోయి కూర్చుంటది.

ఈ భయం కూలోళ్ల అమాయకత్వం కాదు, వైద్యం చానా ఏళ్లు చెప్పిందే అది. 1873లో రూంగే అనే జర్మన్ డాక్టర్ ఈ మోచేయి నొప్పి గురించి రాశాడు. తర్వాత ఇదంతా వాపు వల్లే అనుకుని రెస్టూ మాత్రలూ, 1950ల నుంచి స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ ఇస్తా వచ్చారు. తీరా ఆ టెండన్ ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే ముదిరిన కేసుల్లో వాపు కణాలు పెద్దగా లేవు, టెండన్‌కి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులే చెదిరిపోయి ఉన్నాయి (వాపు పాత్ర అసలు లేదని ఇప్పుడు ఎవరూ అనట్లేదు లెండి). 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం టెన్నిస్ ఎల్బో అని పిలిచే ఈ మోచేయి నొప్పికి స్టెరాయిడ్ మొదటి కొన్ని వారాలు బాగా పనిచేస్తది, నెలలు గడిచేకొద్దీ అది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉంటారు.

అసలు మలుపు 1998లో స్వీడన్‌లో వచ్చింది. మడమ వెనక టెండన్ నొప్పితో ఆపరేషన్‌కి ఎదురుచూస్తా ఉన్న, పరుగెత్తే అలవాటున్న 15 మందితో ఆల్ఫ్రెడ్‌సన్ అనే డాక్టర్ 12 వారాలు బరువుతో మడమ దించే వ్యాయామం చేయించాడు, నొప్పి పుట్టినా ఆపొద్దన్నాడు, అందరూ మళ్లీ పరుగుకి వెళ్లారు. 2007లో అదే దేశంలో సిల్బర్‌నాగెల్ బృందం పదికి ఐదు దాకా నొప్పిని ఓర్చుకుంటా పరుగు కొనసాగించినా నష్టం లేదని చూపించింది. అంటే నొప్పి పుట్టిన ప్రతిసారీ లోపల ఏదో తెగుతోందని కాదు.

నొప్పికీ మనసుకీ లింకు ఉందనే సంగతి అప్పటికే పాతది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు కలిసి నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే పెంచడం, తగ్గించడం జరుగుద్దని, అందులో మెదడు పాత్ర కూడా ఉందని చెప్పారు. 2000లో వ్లాయెన్, లింటన్ అనే సైకాలజిస్టులు భయం వల్ల పని మానేయడం, మానేసినందుకు ఒంట్లో సత్తువ పోవడం, దాంతో చిన్న పనికే నొప్పి రావడం అనే చక్రాన్ని వివరించారు. అయితే ఆ పరిశోధనలో ఎక్కువ భాగం నడుము నొప్పి మీదే జరిగింది. టెండన్ వైపు ఆలస్యంగా ఎందుకొచ్చారంటే, నా లెక్కలో, స్కాన్‌లో కనపడే వస్తువు ఉంటే మనసు గురించి ఎవరడుగుతారు? నొప్పే లేనివాళ్ల స్కాన్‌లో కూడా అవే మార్పులు కనపడతా ఉంటాయి మరి.

ఇంగ్లండ్‌లో భుజం నొప్పితో ఫిజియోథెరపీకి వచ్చిన 1030 మందిని ఆరు నెలలు గమనిస్తే, తగ్గుద్దనే నమ్మకం, నొప్పున్నా పని చేయగలననే ధైర్యం ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది, ఏ టెండన్ దెబ్బతిందో చెప్పే పరీక్షలు మాత్రం దాన్ని అంతగా అంచనా వేయలేకపోయాయి. 2020లో అచ్చయిన నిపుణుల ఒప్పందం టెండన్ జబ్బులో కొలవాల్సిన తొమ్మిది అంశాల్లో మానసిక అంశాల్ని కూడా చేర్చింది. భయం నొప్పిని పెంచుద్దా, నొప్పే భయాన్ని పెంచుద్దా అంటే రెండూ జరుగుతాయి, ఎంతెంత అనేది ఇంకా తేలలేదు.

దీన్ని పట్టుకుని "నొప్పంతా నీ మనసులోనే ఉంది" అంటే మాత్రం ఘోరం. నొప్పి నిజం. రోజు కూలి పోతే ఇల్లు గడవని మనిషికి రెస్ట్ తీసుకోమంటే తీసుకోలేడు, భయపడతానే పనికి పోతాడు, రాత్రి నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే నొప్పి ఇంకా పెరుగుద్ది. ఒంగోల్లో అయినా నెల్లూరులో అయినా డాక్టరో ఫిజియోనో స్కాన్ చూసే ముందు "ఇది తగ్గుద్దని నీకు అనిపిస్తా ఉందా, ఏ పనికి భయపడతా ఉన్నావు" అని అడిగితే, ఆ పనినే తక్కువ బరువుతో మొదలుపెట్టి నెలల మీద పెంచుకుంటా పోవచ్చు. టప్‌మని శబ్దమొచ్చి మడమ ఎత్తలేకపోయినా, దెబ్బ తగిలాక చెయ్యి అసలు లేవకపోయినా అది వేరే సంగతి, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.